ఎనిమిదో సీటు

మునిసిపాలిటీ మేడమ్ గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాట అనగానే కుట్టుమిషన్ టక్కున ఆగిపోయింది! ఆ మిషన్ ఆగడమంటే మాటలా? పురిటినొప్పులు మొదలయ్యాక కూడా నాలుగు కాలర్లు కుట్టి, అయిదోది ఆసుపత్రిలో కుట్టిన మనిషి ఆ ఇంటి కోడలు! ఊళ్లో బడిపిల్లల బట్టలన్నీ ఆవిడ చేతిలోంచి వచ్చినవే. అందుకే వీధంతా 'యూనిఫామక్క' అని పిలుస్తుంది.

"మీ అమ్మాయిని బడిలోంచి తీసేశారట కదమ్మా! అలాంటి పిల్లల కోసం పాత లైబ్రరీ మేడమీద వేరే క్లాసు పెడుతున్నాం. ఎనిమిదే సీట్లు. ఏడు నిండాయి, ఎనిమిదోది మీ పాపకి ఇద్దామని వచ్చాను."

అత్తగారు గయ్యిమని లేచింది. "ఎవరమ్మా ఆ కూతలు కూసింది? నా మనవరాలు పొద్దున్నే ఇస్త్రీ బట్టలేసుకుని బడికెళ్లింది! ఒట్టు!"

"నేనూ చూశానండీ," పాలు పోయడానికొచ్చిన పాలావిడ వంత పాడింది. "రిబ్బను కూడా నలగలేదు!"

యూనిఫామక్క పెదాల మధ్య ఆరు గుండుసూదులున్నాయి. అవి ఉన్నంతసేపూ మాట్లాడక్కర్లేదు... నాలుగు నెలల కిందట పిల్ల నత్తిని ఎవరో వెక్కిరిస్తే, కంపాస్ పెట్టెతో కొట్టి పన్ను ఊడగొట్టింది. బడివాళ్లు పంపించేశారు. లారీ మీద తిరిగే భర్తకీ చెప్పలేదు, అత్తగారికీ చెప్పలేదు ఆ తల్లి! ఊరి పిల్లలందరికీ యూనిఫాం కుట్టే ఇంట్లో సొంత కూతురికి బడి లేదంటే తలెత్తుకునేదెలా? రోజూ ఇస్త్రీ చేసి, జడలు వేసి పంపేది. పిల్ల సాయంత్రం దాకా బస్‌స్టాపు బెంచీమీద కూర్చుని వచ్చేది...

"అయితే మా లిస్టే తప్పన్నమాట. మంచిదేలెండి!" మేడమ్ నవ్వి, పేరు మీద గీత కొట్టి వెళ్లిపోయింది. సూదులు మాత్రం పెదాలు దాటలేదు!

సాయంత్రం పిల్ల వానలో తడిసి ముద్దయి వచ్చింది. "అమ్మా... రే... రేపట్నించి వెళ్లను. కం... కండక్టరు ఏ క్లాసని అడిగాడు. నేను చె... చెప్పేలోపు బస్సు వెళ్లిపోయింది."

అంతే! ఆ తల్లి గుండె చెరువైపోయింది. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, అత్తగారి ముందు కూలబడి అంతా చెప్పేసింది.

"నాచేత అబద్ధపు ఒట్టు పెట్టించావటే!" అత్తగారు నెత్తి బాదుకుంది. తడిసిన పిల్ల తల కొంగుతో తుడిచింది. తర్వాత అంది: "రేపు నేనూ వస్తా. చెడగొట్టిన నోటితోనే అడుగుతా."

మర్నాడు ఆఫీసులో మేడమ్ తల దించుకుంది. "నిన్న సాయంత్రమే ఆ సీటు ఇంకో పిల్లకి ఇచ్చేశామమ్మా... మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేను. అంతవరకూ వారానికి రెండు పూటలు టీచర్ని ఇంటికి పంపుతాం."

"పోనీ... ఆ క్లాసుకి యూనిఫాం ఏ రంగండీ? ముందే కుట్టి ఉంచుతాను," అంది యూనిఫామక్క.

"అక్కడ యూనిఫాం ఉండదమ్మా."

ఇంటికొచ్చి, కూతురి చొక్కా జేబు మీది బ్యాడ్జీ కుట్లు విప్పింది. చుట్టూ గుడ్డ వెలిసిపోయింది, బ్యాడ్జీ కింద మాత్రం కొత్త రంగు అలాగే ఉంది! ఆ మచ్చ మీద చెయ్యి పెట్టుకుని ఎంత ఏడ్చిందో...

టీచరు వచ్చిన మొదటి పూట మిషన్ ఆగింది. కత్తిరింపుల బల్లే చదువుల బల్ల అయింది. కబుర్లకొచ్చిన పాలావిడని అత్తగారు గుమ్మంలోనే ఆపింది. "ష్! లోపల బడి జరుగుతోంది!"

పిల్ల పుస్తకం తెరిచింది. మొదటి మాట పెదాల మీదికి వచ్చి, ఆగి, మళ్లీ వచ్చి... బయటపడేసరికి ఒక చొక్కా చెయ్యి కుట్టేంత సేపు పట్టింది. టీచరు తొందరపెట్టలేదు. ఎవరూ నవ్వలేదు. తల్లి మాత్రం సూదుల్లేని ఉత్త పెదాలతో, ఆ మాట పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది.