డబ్బింగ్‌లో పోయిన మాట

ఆదివారం ఉదయం ఒర్నెల్లా వంటింటి బల్ల మీద పాస్తా పిండి వత్తుతుంటే బాల్కనీలోంచి ఆ గొంతు వినిపించింది. భర్త రుజ్జేరో ఎదురింటావిడ పూలకుండీలను పొగుడుతున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి! నలభై ఏళ్ల కిందట ఒక అమెరికా సినిమాలో, కనిపించిన ఆడదాన్నల్లా మాటలతో పడేసే సొగసుకాడికి ఇటాలియన్‌లో గొంతు ఇచ్చాడు. సినిమా ఎప్పుడో వెళ్లిపోయింది, గొంతు మాత్రం ఇంట్లోనే తిష్ఠ వేసింది. ఉప్పు అడిగినా ఆ గొంతుతోనే అడుగుతాడు.

ఇప్పుడు ఆ సినిమానే మళ్లీ తీశారు. ఈసారి హీరోకి గొంతు ఇచ్చింది వాళ్ల కొడుకు డారియో. నిన్న ముగ్గురూ కలిసి చూశారు. ఇంకో ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా రుజ్జేరో లేచి బయటికి నడిచాడు. కొడుకుతో ఒక్క మాటైనా అనలేదు.

"భోజనానికి వాడొస్తున్నాడు. బాగా చేశావని ఒక్క మాట అను," అంది ఒర్నెల్లా. "ఈసారీ అనకపోతే ఇక ఈ గడప తొక్కనని ఫోన్లో తెగేసి చెప్పాడు."

"సినిమా చెత్త," అన్నాడు రుజ్జేరో లోపలికి వస్తూ.

"చెత్తే! నాకూ కళ్లున్నాయి. ఆ హీరో ఆడవాళ్లతో సరసమాడుతున్నట్టు లేదు, సబ్బులు అమ్ముతున్నట్టుంది. నేనడిగింది సినిమా సంగతి కాదు, పిల్లాడి సంగతి."

"నలభై మూడేళ్లవాడు పిల్లాడేమిటి?"

"నీకు డెబ్బై ఆరు. నువ్వు పెద్దవాడివయ్యావా?"

డారియో వచ్చాడు. కోటు కూడా విప్పలేదు.

"నాన్నా, నిన్న ఎందుకు వెళ్లిపోయావు?"

"కాలు తిమ్మిరెక్కింది."

"సరిగ్గా క్షమాపణ సీను దగ్గరే ఎక్కిందా?"

"ఆ సీనే దండగ. మా సినిమాలో వాడు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. నవ్వించి వెళ్లిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు."

"చెప్పాడు నాన్నా! అసలు ఇంగ్లీషు ప్రింటు తెప్పించి విన్నాను. కెమెరాకి వీపు పెట్టి 'నన్ను క్షమించు' అంటాడు. పెదాలు కనిపించవు కదా, మీరక్కడ జోకు అతికించారు. ఇటలీ అంతటికీ ఆ మనిషి సిగ్గులేనివాడిగా మిగిలిపోయాడు."

ఒర్నెల్లా చేతిలో పిండి వత్తే కర్ర ఆగింది. "ఎవరు మార్చారు?"

రుజ్జేరో కుర్చీలో కూలబడ్డాడు. "డైరెక్టరు. విసుగెత్తి మార్చాడు. ఏడుసార్లు చెప్పించాడు. నాకు గొంతు పెగల్లేదు."

"నీకా?"

"ఆ వారమే నా సరసాలు భరించలేక నువ్వు వీణ్ని చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయావు. మైకు ముందు ఆ మాట అనబోతే నువ్వే కనిపించేదానివి." కొడుకు వైపు తిరిగాడు. "నిన్న వీడు దాన్ని ఒక్క ఊపిరిలో అనేశాడు. కూర్చోలేకపోయాను. బాగా చెప్పావురా. నాకు చేతకానంత బాగా."

డారియో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఒర్నెల్లాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడు పుట్టింట్లో ఎనిమిది రోజులు ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. అతను గులాబీలతో, చమత్కారాలతో వచ్చాడు. విసిగి, చివరికి నవ్వి, వెంట వచ్చేసింది.

"ఇక్కడ డైరెక్టరు లేడు, మైకు లేదు," అంది. "నా ముఖం చూసి చెప్పు."

చెప్పాడు. ఆ పాత మెత్తని గొంతు కాదు. ఎండిపోయి, మధ్యలో విరిగిపోయిన ముసలి గొంతు. ఆ ఇంట్లో ఆమె ఏనాడూ విననిది. ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించింది.

పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుని, "వినపడలేదు. మళ్లీ చెప్పు," అంది.