అటుపక్క సీటు

ఆ టూరు బస్సులో గైడుకు తలలు లెక్కపెట్టే అలవాటు లేదు. బస్సు కదిలేముందు నడవలో నిలబడి ఒక్కొక్కరినీ "అటుపక్క?" అని అడిగేవాడు. నడవకు అవతల కూర్చున్న మనిషిని చూసి "ఉన్నారు" అనాలి. అదే అతని లెక్క, అందరూ అన్నాకే బస్సు కదిలేది.

కళ్లద్దాల షాపు కుర్రాడికి అటుపక్కన పడింది పాటల టీచరు. మొదటిరోజే ఆమె తడి గొడుగు నీళ్లు అతని బూట్లలోకి కారాయి.

"మేడమ్, నా బూట్లలో చేపలు పెంచుతారా?"

"ఆ వాసనకి చేపలు బతకవులెండి."

కిటికీ పక్కనున్న ఆమె పిన్ని కిసుక్కున నవ్వింది. కుర్రాడు అక్కడే టీచరు ప్రేమలో పడిపోయాడు. ఆ తర్వాత గైడు కోటలు, కొండలు ఎన్ని చూపించినా అతను చూసింది నడవ అవతలికే. టూరు అయ్యేలోగా మనసులో మాట చెప్పెయ్యాలి. లేదంటే ఎవరి ఊరు వారిదే.

చెప్పేవాడే, నోరు ఊరుకుంటేగా! ఓ పొద్దున గైడు మైకు చేతికిచ్చి ఏదైనా సరదాగా చెప్పమన్నాడు. టీచరు నోరు తెరుచుకుని ఎలా గురక పెడుతుందో చేసి చూపించాడు. బస్సంతా పడీ పడీ నవ్వింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంక నా వైపు చూడకండి."

"చూడనులెండి!" సారీ చెప్పాల్సిన చోట వెధవ పౌరుషం పొడుచుకొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలకు ఆగారు. తలనొప్పని దిగని పిన్ని సీట్లోనే నిద్రపోయింది. అందరూ ఎక్కేశారనుకున్న గైడు, ఆలస్యమైందని తలుపు దగ్గర్నించే వరసకొకరిని అడిగాడు.

"అటుపక్క?"

"ఉన్నారు," అన్నాడు కుర్రాడు, తల తిప్పకుండా.

చాలా దూరం పోయాక పిన్ని లేచింది. "మా అమ్మాయేదీ?"

అప్పుడు చూశాడు. సీటు మీద ఆమె బ్యాగు, దాని పక్కన ఫోను. "బస్సాపండి!" అని కుర్రాడు అరిచాడు.

బస్సు వెనక్కి తిరిగేసరికి వాన. హోటలు ముందు రోడ్డు పక్కన ఆమె తడిసి ముద్దయి నిలబడి ఉంది. ముందు పరుగెత్తింది అతనే.

"చూడొద్దన్నారని..."

"చేతులు కడుక్కుని వచ్చేసరికి బస్సు కదిలింది. అయినా భయపడలేదు నేను," అందామె వణుకుతూ. "మీరున్నారుగా, ఆపిస్తారులే అనుకున్నా."

తిట్టినా బాగుండేది. ఎన్ని సారీలు చెప్పినా ఆమె పలకలేదు. లెక్క దగ్గర మాత్రం తల తిప్పి, అతన్ని సూటిగా చూసి "ఉన్నారు" అనేది. కుర్రాడు ఆ ఒక్క మాట కోసమే బతికాడు. టూరు ముగిసి దిగేముందు చివరి లెక్క ఒకటి ఉంటుందనుకున్నాడు. అందులో ఆమె తనవైపు తిరగ్గానే చెప్పేద్దామని గుండె గట్టి చేసుకున్నాడు.

ఆఖరి సాయంత్రం బస్సు ఆగింది. సూట్‌కేసులు దొర్లుతున్నాయి, జనం తోసుకుంటున్నారు. అతను సీట్లోనే కూర్చుని ఎదురుచూశాడు.

"దిగవా బాబూ?" అన్నాడు గైడు.

"లెక్క... ఇంకా అడగలేదు కదండీ?"

"లెక్క ఎక్కేటప్పుడే. దిగాక ఎవరి దారి వారిది," అంటూ గైడు దిగిపోయాడు.

కుర్రాడు తల తిప్పాడు. గొడుగు లేదు, బ్యాగు లేదు. కిటికీలోంచి చూస్తే పిన్నీ ఆమే ఎక్కిన టాక్సీ మలుపు తిరుగుతోంది.

"లేరు," అన్నాడు.

ఈసారి చూసే చెప్పాడు. వినడానికి బస్సులో ఎవరూ లేరు.