నీకెవరెవరున్నారు

స్టీవెనేజ్‌లో సలోమి పనిచేసే కేర్ హోమ్‌లో తొమ్మిదో గది దోన లుర్దెస్‌ది. యాభై ఏళ్ల కిందట పోర్చుగల్ నుంచి వచ్చిన ముసలమ్మ. మతిమరుపు ముదిరి ఇంగ్లీషంతా రాలిపోయి, పుట్టినప్పటి భాషొక్కటే మిగిలింది. ఆమెతో మాట్లాడే దిక్కు లేదు. సలోమికి మనసొప్పలేదు. లైబ్రరీ నుంచి పోర్చుగీసు క్యాసెట్టు తెచ్చుకుని, వంట చేస్తూ వల్లెవేసింది.

"కన్నతల్లికి ఫోన్ చేయడానికి బద్ధకం గానీ, దీనికెంత ఓపికో," అని నవ్వాడు ఆమె భర్త ప్రేమ్‌నాథ్.

ముందు నేర్చిన మాట, "తేం ఫమీలియా?" మీకు కుటుంబం ఉందా అని. పలకరింపంటే ఇంటివాళ్ల క్షేమం అడగడమే కదా.

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "నావు తెన్యు నింగేం." నాకెవరూ లేరు. ఆ పైన సలోమి చెయ్యి పట్టుకుని, మరి నీకో, అనడిగింది.

ఎదుటివాళ్ల మంచీచెడూ అడిగి మనది దాచుకుంటే ఏం మర్యాద? సలోమి పేరుపేరునా చెప్పింది, కుటుంబ ప్రార్థనలో తలుచుకునే వరసలోనే. చీరాలలో అమ్మ కమలాబాయి. భర్త ప్రేమ్‌నాథ్. ఎనిమిదేళ్ల కూతురు షెరిన్. ఒక్కో పేరూ రెండేసిసార్లు పలికించుకుని నేర్చుకుంది ముసలమ్మ.

నెల తిరక్కుండా చీరాల నుంచి ఫోనొచ్చింది. ఏ జబ్బూ లేని కమలాబాయి మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ అలాగే ఒరిగిపోయిందట. ఆ రోజు ముసలమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది సలోమి. ముసలమ్మ జుట్టు నిమిరింది, కన్నతల్లిలాగే.

పదిహేను రోజులు గడిచాయి. డిసెంబరు. సాయంత్రం నాలుక్కే చీకటి. టీ ట్రే పట్టుకుని కారిడార్‌లో నడుస్తోంది సలోమి. హీటర్ల వేడిలో తడిమట్టి వాసన, అప్పుడే గొయ్యి తవ్వినట్టు. తొమ్మిదో గది తలుపు ఓరగా ఉంది. లోపల గొంతులు... రెండు.

"తేం ఫమీలియా?"

కిటికీ పక్క కుర్చీలోంచి వచ్చింది. కుర్చీ ఖాళీ.

ముసలమ్మ ఒద్దికగా, గుసగుసగా జవాబు చెప్పింది. సలోమికి ప్రతి మాటా అర్థమైంది.

"ఉన్నారు. తల్లిని తీసుకున్నావుగా. ఇంకా ప్రేమ్‌నాథ్ ఉన్నాడు. షెరిన్ ఉంది..."

సలోమి ట్రేతోనే తలుపు తోసుకుని లోపలికెళ్లింది. ముసలమ్మ ఒళ్లోని ఫోటోని దుప్పటి కిందికి తోసింది. ముగ్గురు మగపిల్లలు. ముసలమ్మ ముక్కే, ముసలమ్మ కళ్లే.

"మీ పిల్లలా?" అంది సలోమి. "ఎవరూ లేరన్నారు... మిమ్మల్ని అమ్మలా చూసుకున్నానే."

"నీవాళ్ల పేర్లు నువ్వే చెప్పావమ్మాయ్," అంది ముసలమ్మ, సలోమికి అర్థమయ్యేలా నిదానంగా. "నేనేమైనా లాక్కున్నానా?"

కుర్చీ కిర్రుమంది.

మట్టి వాసన దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... చెవి పక్కన చల్లగా...

"మరి నీకో? తేం ఫమీలియా?"

బుద్ధెరిగాక సలోమి అబద్ధమాడి ఎరగదు. యేసయ్యా, క్షమించు, అనుకుంది.

"నావు తెన్యు నింగేం."

నాకెవరూ లేరు. వాసన పోయింది. ముసలమ్మ ఆమెకేసి జాలిగా చూసింది.

బస్సు దిగి ఇంటికి పరుగెత్తింది సలోమి. బెల్ కొట్టింది. గొలుసు తియ్యకుండానే తలుపు కొంచెం తెరుచుకుంది. షెరిన్. క్షేమంగా, స్కూల్ స్వెటర్ మీద కెచప్ మరకతో. సలోమి ఏడుస్తూ సందులోంచి చెయ్యి చాపింది.

పిల్ల ఒకడుగు వెనక్కేసింది. "డాడీ, దేర్స్ ఎ లేడీ ఎట్ ద డోర్."

"ఎవరంట?" ముందుగదిలోంచి ప్రేమ్‌నాథ్.

వంటింట్లోంచి ఇంకో గొంతు. చీరాలలో సమాధి చేసిన కమలాబాయి గొంతు.

"చలిలో నిలబడకు తల్లీ. ఎవరో కనుక్కుని పంపేసెయ్."