మెడ మడతలో ఎర్రమరక

భాగ్యరేఖ లోపలికి వచ్చిందే గానీ కుర్చీలో కూర్చోలేదు. కనకలత ఎలాగూ ఒక్కచోట నిలిచే మనిషి కాదు. దుర్గ్ కోర్టు పక్క సందులో ఉన్న ఆ ఇరుకు ఆఫీసులో ఇద్దరూ అటూ ఇటూ తిరుగుతుంటే, మధ్యలో కూర్చున్న రాజాబాబుకు కళ్ళు తిరిగినంత పనైంది. పెళ్ళి సంబంధాల వాకబులతో నెట్టుకొస్తున్న డిటెక్టివ్ కనకలతకు చాన్నాళ్ళ తర్వాత అసలైన కేసు తగిలిందని, ఆమె అసిస్టెంటుగా అతనికి లోలోపల సంబరంగానే ఉంది. పైకి మాత్రం పెద్దమనిషిలా ముఖం పెట్టాడు.

"సాయంత్రానికల్లా బొమ్మలు సేకరించేవాళ్ళ గ్రూపులోంచి నా పేరు తీసేస్తారు మేడమ్. ఇంక నా మాట ఎవరూ నమ్మరు" అంది భాగ్యరేఖ. ఆమె చేతిలో ఫోను గుయ్యిమంటూనే ఉంది. అన్నీ తిట్లే.

సినిమా పాత్రల బొమ్మల్ని పరీక్షించడం ఆమె వృత్తి. కీళ్ళు బిగువుగా ఉన్నాయా, రంగు అంచు దాటిందా, అరికాలి మీద కంపెనీ ముద్ర లోతుగా దిగిందా అని భూతద్దం పెట్టి చూసి, అసలో నకిలీయో తేల్చి గ్రేడు ఇస్తుంది. తర్వాత అక్రిలిక్ పెట్టెలో పెట్టి మూత మీద తన సీలు అంటిస్తుంది. ఆ సీలు చూశాక కొనేవాళ్ళు మారుమాట అడిగేవారు కాదు, నిన్నటిదాకా.

భిలాయి సెక్టర్ 4లో ఉండే స్టీలు ప్లాంటు ఇంజనీరు హరినాథ్ దగ్గర, పాత అంతరిక్ష సినిమా ఒకదానిలోని మెకానిక్ రోబో బొమ్మ ఉంది. నిలువెల్లా బూడిదరంగు, చేతిలో పానా. విశ్వకర్మ పూజకు ముందువారం భాగ్యరేఖ దాన్ని చూసి, మొదటి గ్రేడు ఇచ్చి సీలు వేసింది. నిన్న దాన్ని కొన్న రవికాంత్ అందరూ చూసేలా వీడియో పెట్టి సీలు తెంచాడు. లోపల ఉన్నది నకిలీ.

"సీలు నాదే మేడమ్, ఎక్కడా చిరగలేదు. నేను దొంగనన్నా అయ్యుండాలి, గుడ్డిదాన్నన్నా అయ్యుండాలి. వాళ్ళు అనేది అదే."

భాగ్యరేఖ పెట్టెతో సహా తెచ్చిన నకిలీ బొమ్మను కనకలత కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఇది నకిలీ అని నీకెలా తెలిసింది?"

"ముద్రకి లోతు లేదు. మోకాలు వదులు. మెడ మడతలో ఎర్రరంగు చూడండి, సస్తా పెయింటు, చవకబారుది. అసలు రోబోకి ఎక్కడా ఎరుపుండదు."

"ఈ నకిలీకి మాత్రం ఇంకెక్కడైనా ఎరుపుందా?"

భాగ్యరేఖ బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "లేదు మేడమ్."

కనకలత ఖాళీ పెట్టెను తిరగేసి, అడుగున అంటించిన మఖమల్ గుడ్డ అంచును గోటితో గీకింది. ఆ తర్వాత రాజాబాబు ఎంత అడిగినా ఏమీ చెప్పలేదు. ఆవిడకున్న జబ్బే అది.

వాళ్ళు సెక్టర్ 4కి వెళ్ళేసరికి హరినాథ్ అసలే మండిపడుతున్నాడు. వీధి గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాడు.

"పెట్టె మా ఇల్లు దాటలేదండీ. మా నాన్నగారు కొనిచ్చిన బొమ్మ. ఆ పిల్లని నమ్మి ఇచ్చాను, నా పరువు పోయింది."

"ఒక్కసారి కూడా దాటలేదా?"

"అంటే... పూజ మర్నాడు పెట్టె మీద గీత పడిందని మనోజ్‌కుమార్ పాలిష్‌కి పట్టికెళ్ళాడు. పెట్టె చేసింది వాడే కదా. సాయంత్రానికి తెచ్చిచ్చేశాడు. సీలు ఎలాగున్నది అలాగే ఉంది, నేనే చూశాను."

మనోజ్ వర్క్‌షాపు కోహ్కాలో, వాళ్ళింటి వెనకే. అక్రిలిక్ పెట్టెలు, బహుమతి కప్పులు చేస్తాడు. పెట్టె ఊసెత్తగానే నవ్వేశాడు. "సీలుంది కదా దీదీ! దానికి నేనేం చేస్తాను? భాగ్య ఇంకా కచ్చా, అనుభవం చాలదు. నేర్చుకుంటుంది లెండి."

డ్రిల్లు మీద, రంపం మీద, ఫ్యాను మోటారు మీద కూడా విశ్వకర్మ పూజనాటి బొట్లు ఎండిపోయి ఉన్నాయి. రాజాబాబు వాటిని చూశాడు గానీ, భిలాయిలో బొట్టు లేని మిషను ఎక్కడుంది గనక? పట్టించుకోలేదు. కనకలత మాత్రం మనోజ్‌ని వదిలేసి, టీ తెచ్చిన అతని తల్లి కన్నమ్మతో కబుర్లలో పడింది.

"కుంకం ఎంత బాగుంది పిన్నిగారూ! ఏ కొట్లోది?"

"బజారు కుంకం నేను ముట్టనమ్మా. పసుపూ సున్నమూ కలిపి ఇంట్లోనే సేసుకుంటాను. మా శ్రీకాకుళంలో మాయమ్మ నేర్పింది. ఏటి, కొంచెం పట్టికెల్తావా?"

కాగితంలో పొట్లం కట్టించుకున్న కనకలత, సాయంత్రం సెక్టర్ 4కి ఆవిణ్ణి కూడా తప్పక రమ్మంది. మనోజ్ నవ్వు సగంలో ఆగిందని రాజాబాబుకు అనిపించింది.

సాయంత్రం హరినాథ్ ఇంట్లో అందరూ చేరారు. రవికాంత్ గడియారం చూసుకుంటున్నాడు, భాగ్యరేఖ పమిట కొంగు నలుపుతోంది. కనకలత బల్ల చుట్టూ తిరుగుతూనే మొదలుపెట్టింది.

"సీలు మూత మీద ఉంది కాబట్టి అందరం మూతనే చూశాం. ఈ పెట్టెకి అడుగు కూడా ఉంది." మఖమల్ గుడ్డను చర్రున లాగింది. కింద నాలుగు మూలలా మరలు. "ఇవి విప్పితే సీలు చెక్కుచెదరకుండా బొమ్మ బయటికొస్తుంది. ఈ సంగతి పెట్టె చేసినవాడికి తెలుస్తుంది."

"నాకొక్కడికేనా?" అన్నాడు మనోజ్. "పెట్టె హరినాథ్ భయ్యా ఇంట్లోనే పడుంది. ఆయనే గుడ్డ పీకి చూసుండొచ్చు కదా!"

హరినాథ్ కుర్చీలోంచి లేవబోయాడు. కనకలత చెయ్యి అడ్డం పెట్టి, ఒక నిమ్మచెక్క తీసుకుంది. పొట్లంలోని కుంకుమ మీద పిండింది. ఎరుపు కాస్తా పసుపైంది. దూదిని నిమ్మరసంలో తడిపి బొమ్మ మెడ మడతలో తిప్పి పైకెత్తింది. దూది మీదా పసుపే.

"పెయింటైతే నిమ్మరసానికి రంగు మారదు. ఇది పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమ. పూజకు ముందే సీలు పడిన పెట్టెలోకి పూజనాటి బొట్టు రాదు. అంటే ఆ రోజు ఈ నకిలీ బయట, పనిముట్ల మధ్య ఉంది."

"అయ్యో, ఆ బొమ్మేనా?" కన్నమ్మ ముందుకు వంగింది. "మిషన్లన్నిటికీ బొట్టు ఎడతా, దీనికీ ఎట్టినానమ్మా. సేతిలో పానా ఉంది కదా, ఇదీ పనోడే కదా అనుకున్నాను. ఏం, తప్పయిందా?"

కన్నమ్మ కొడుకు ముఖం చూసింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రాజాబాబుకు ఆ క్షణాన కేసు గెలిచిన సంతోషం లేకపోయింది.

"నుదుట బొట్టు తుడిచావు గానీ, జారిన పొడి మెడ మడతలో ఇరుక్కుంది" అంది కనకలత మనోజ్‌తో. "మర్నాడు పాలిష్ పేరుతో పెట్టె తెచ్చి బొమ్మలు మార్చావు. అసలుది ఎక్కడ?"

"షాపులోనే ఉంది" అన్నాడు మనోజ్, తల ఎత్తకుండా. "నేనేం అమ్ముకోలేదు. ఇదివరకు ఎవడు ఏ బొమ్మ కొన్నా, అసలా నకిలీయా అని నా దగ్గరికే వచ్చేవాడు. భూతద్దం పట్టుకోవడం ఈ భాగ్యకి నేర్పింది నేను. ఇప్పుడు దీని సీలుంటే చాలు, నన్ను అడిగే దిక్కే లేదు. ఒక్కసారి తప్పు చెప్పిందనిపిస్తే చాలనుకున్నాను."

"భయ్యా, మొన్నమొన్నటిదాకా మీకు చూపించకుండా నేను ఏ బొమ్మకీ సీలు వెయ్యలేదు" అంది భాగ్యరేఖ.

రాజాబాబు కోహ్కా వెళ్ళి అసలు రోబోను తెచ్చాడు. హరినాథ్ దాన్ని రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకున్నాడు. రవికాంత్ ఫోను తీసి, భాగ్యరేఖ తప్పేమీ లేదని గ్రూపులో అందరూ వినేలా చెప్పాడు. బేరం అలాగే ఉందనీ, మొదటి గ్రేడు కొత్త సీలు వేసిస్తే ఇప్పుడే పట్టుకెళ్తాననీ అన్నాడు.

భాగ్యరేఖ బొమ్మను దీపం కిందికి జరిపి భూతద్దం తీసింది. ముద్ర చూసింది, మోకాళ్ళు వంచి చూసింది, పానా పట్టిన వేళ్ళ దగ్గర చాలాసేపు ఆగింది.

"అసలుదే" అంది. "కానీ మొదటి గ్రేడు ఇవ్వలేను. బొటనవేలి దగ్గర కొత్తగా గీత పడింది, రంగు లేచింది. ఇది రెండో గ్రేడు."

"అంత చిన్న గీత ఎవరికి కనపడుతుందమ్మా!" అన్నాడు హరినాథ్.

"నాకు కనపడింది కదండీ."

మనోజ్ మొదటిసారి తలెత్తి, వంగి చూశాడు. "నిజమే. ఉంది" అన్నాడు.

రవికాంత్ సీలు కాగితం ఆమె ముందుకు జరిపాడు. "రెండే రాయండి మేడమ్."