సెకనుకు పాయింట్ రెండు

మధ్యాహ్నం రెండు గంటలకు హిందూపురంలో ఇన్వర్టర్ మెకానిక్ హనుమంతరాయుడిని అతని షాపులోనే కాల్చి చంపారు. తుపాకికి సైలెన్సర్. పక్క టీ బంకువాడికి కూడా వినపడలేదు. చచ్చినవాడి గుప్పిట్లో ఒక చీటీ దొరికింది.

మూడింటికి పెనుకొండ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏజెంట్ ముస్తాక్ ఆ చీటీ ఫోటో చూస్తున్నాడు. ఒంటి మీద రైల్వే ఎలక్ట్రీషియన్ యూనిఫాం. చేతిలో టిఫిన్ క్యారియర్. దాని అడుగు గిన్నెలో అన్నం లేదు, వోల్టేజిని కావలసినంత పెంచి దించే పరికరం ఉంది.

చీటీ మీద ఒకే వాక్యం: ‘12 నుంచి సున్నాకు, సెకనుకు 2 వోల్టులు.’ రెండుకు ముందు చిన్న మచ్చ. అది దశాంశపు చుక్కో, రక్తపు మరకో తెలియడం లేదు.

ఫోన్లో చీఫ్ వరలక్ష్మి గొంతు. “విదేశీ ముఠా అతనిచేత ఏదో సర్క్యూట్ చేయించుకుంది. పట్టుచీరల పెట్టెలో బండెక్కించారు. ధర్మవరంలో ఎవరు తీసుకుంటారో చూడు. ముట్టుకోవద్దు.”

“తెస్తున్నది శైలజేనా, మేడమ్?”

“అవును. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. నమ్మొద్దు. వదలొద్దు.”

పదేళ్ళు ల్యాబ్‌లో గడిపిన ముస్తాక్‌కు ఇది మొదటి ఫీల్డ్ మిషన్. కిక్కిరిసిన బోగీల్లో ఆమెను వెతికి పట్టుకునేసరికి ధర్మవరం దగ్గరపడింది. ధర్మవరం పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. పక్కన కాళ్ళు చాపుకుని ఒక ముసలామె.

“ఈ ఫ్యాను ఎన్నాళ్ళనుంచి తిరగడం లేదు?” కోడ్ అడిగాడు.

“మూడు వానలనుంచి,” అంది శైలజ. వెంటనే గొంతు తగ్గించింది. “పెట్టె సీటు కిందుండాది. కాగితాలని చెప్పినారు. పెనుకొండలో దిగిపొమ్మన్నారు. ఎందుకు దిగమన్నారో అర్థం కాక దిగలేదు.”

ముస్తాక్ వంగాడు.

“ఏమబ్బా, ఫ్యాను పైనుండాది. నువ్వు కింద యాడ చూస్తాండావు?” ముసలామె గదిమింది.

“వైరు కిందనుంచే వస్తాది అవ్వా. కాళ్ళు పైకి పెట్టుకో.”

పెట్టె సందులోంచి ఎర్ర అంకెలు కనిపించాయి. 4:10. 4:09. ఒక తీగ పెట్టెలోంచి వచ్చి సీటు కాలికి చుట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. మీటరు పెట్టి చూశాడు. పన్నెండు వోల్టులు. చీటీకి అర్థం ఇప్పుడు తెలిసింది. తీగ తెంపితే వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, బాంబు పేలుతుంది. మెల్లగా దిగితే దానికి తెలియదు, సున్నాకు చేరితే ఆగిపోతుంది. ముఠా తన కోసం పెట్టించుకున్న దొంగదారి అది.

గొలుసు లాగితే? తొక్కిసలాటలో ఏ కాలో తగిలి తీగ తెగుతుంది. లాగకపోతే ధర్మవరం యార్డులో పెట్రోలు ట్యాంకర్ల పక్కన ఆగుతుంది బండి.

క్యారియర్ విప్పి, అందులోని పరికరంతో తన పన్నెండు వోల్టులు తీగకు తగిలించడానికే రెండున్నర నిమిషాలు పట్టింది. ఇక వోల్టేజిని తన పరికరమే నిలబెడుతుంది కనుక వాళ్ళ తీగ కత్తిరించాడు. ఏమీ కాలేదు. 1:25.

“రెండా, పాయింట్ రెండా?”

“పాయింట్ రెండు,” అంది శైలజ. “పొద్దున పెట్టె ఇస్తా ఆ మెకానిక్కే నా చెవిలో చెప్పినాడు, గుర్తుపెట్టుకోమని. ఎందుకో అప్పుడు తెలీలేదు.”

రెండైతే ఆరు సెకన్ల పని. పాయింట్ రెండైతే నిండా నిమిషం. ఎక్కడైనా చెయ్యి జారిందా, అంతే. ఆలస్యం చేయించి చంపడానికే చెబుతోందా?

“బండి నెమ్మదించింది. దూకెయ్యి,” అన్నాడు ఆమె ముఖం చూస్తూ.

ఆమె అద్దాలు తీసేసి అతని పక్కన నేల మీద కూర్చుంది. కళ్ళనిండా భయం. “నువ్వు తిప్పు. నేను లెక్కపెడతా.”

పరికరం నాబ్ కదిలింది. పదకొండు. పది. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఏడు దగ్గర బోగీ పట్టాలు మారుతూ ఒక్క కుదుపు కుదిపింది. శైలజ అతని మణికట్టును గట్టిగా పట్టేసింది. ఆమె చెయ్యి మంచులా చల్లగా ఉంది. మీటరు ముల్లు వెంట్రుకవాసి వణికి నిలబడింది.

“ఇరవై ఆరు... ఇరవై ఏడు...” ఆమె లెక్క ఆపలేదు.

మూడు. రెండు. ప్లాట్‌ఫారం మీద టీ, టీ అని కేకలు వినిపిస్తున్నాయి. ఒకటి. వేలు తిమ్మిరెక్కింది. తొందరగా తిప్పెయ్యమని ఒళ్ళంతా అరుస్తోంది. తిప్పలేదు.

సున్నా.

ఎర్ర అంకె 3 దగ్గర ఆగి, ఆరిపోయింది.

ముస్తాక్ ప్లాట్‌ఫారం మీదికి దిగి కూలబడ్డాడు. శైలజ తన నీళ్ళ సీసా అందించింది. ఫోన్ మోగింది.

“స్టేషన్ బయట కారులో ముఠావాళ్ళు ఇద్దరు దొరికారు,” అంది వరలక్ష్మి. “రిపోర్టు రాయాలి. బాంబును ఏం చేశావు?”

“ఒక నాబ్ తిప్పాను, మేడమ్.”

“అంతేనా?”

“అంతే. కాకపోతే, నిదానంగా.”