ఆగ్నేసమ్మ, ఆగని బొంగరం

తెల్లకొండలకు అవతల, సముద్రపు హోరు వినిపించీ వినిపించనంత దూరంలో గోమేధికపురం అనే రాజ్యం ఉండేది. జ్ఞానప్రకాశ మహారాజు దాన్ని పాలించేవాడు. ఆయనకు సంతానం లేదు. ప్రజలనే బిడ్డలుగా చూసుకునేవాడు. చల్లగా సాగిపోతున్న ఆ రాజ్యం మీద చంచలుడనే రాక్షసుడి కన్ను పడింది. వాడు అడవిలోని తన గుహలో ఒక కంచు బొంగరాన్ని మంత్రించి తిప్పాడు. అంతే, ఆ క్షణం నుంచి రాజ్యంలో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. రైతు సగం చాలు దున్ని నాగలి వదిలేసేవాడు. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసి వీధిలోకి పరుగెత్తేది. చర్చిలో పూజకు వచ్చినవాళ్లు సువార్త పఠనం ముగియకముందే లేచిపోయేవాళ్లు. మహారాజే తీర్పు సగం చెప్పి సింహాసనం దిగిపోయేవాడు.

నేత నేసే బాలశౌరి కూతురు ఆగ్నేసమ్మ అప్పుడు కొండల అవతల అమ్మమ్మ ఇంట్లో ఉండటంతో మాయ ఆమెను అంటలేదు. తిరిగి వచ్చేసరికి మగ్గం మీద బట్ట సగంలో వేలాడుతోంది. నాన్న జాడలేదు. ఉయ్యాల్లో తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తల్లి లూర్దమ్మ వాణ్ణి ఎత్తుకుని, పాలు పట్టడం మొదలుపెట్టి, వెంటనే దించేసింది.

“అమ్మా! వాడి కడుపు నిండలేదే!”

“ఇదుగో, ఇప్పుడే వస్తానే,” అంటూ వెళ్లిన లూర్దమ్మ పొద్దుగూకినా రాలేదు.

ఆగ్నేసమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. ముసలమ్మ చిక్కిపోయిన పసివాణ్ణి చూసి కళ్లొత్తుకుంది. “మేకపాలతో ఎన్నాళ్లు నిలుస్తాడే? అడవి మొదట్లో గబ్రియేలు స్వామి తపసు చేసుకుంటున్నారు. ముందు ఆయనతో మాట్లాడు,” అంటూ పసివాణ్ణి తన దగ్గర ఉంచుకుని, సద్ది కట్టి ఇచ్చింది.

స్వామి తన గుడిసె ముందు బచ్చలి పాదుకు నీళ్లు పోస్తున్నారు. “స్తోత్రం స్వామీ,” అంటూనే ఆగ్నేసమ్మ ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది. ఆయన చెంబు పక్కన పెట్టి చివరిదాకా విన్నారు.

“ఇది చంచలుడనే రాక్షసుడి పని. అడవిలో నది అవతలి గుహలో వాడు తిప్పిన కంచు బొంగరాన్ని ఆపితే మాయ విడిపోతుంది తల్లీ. కానీ తొందరపడే చెయ్యి తగిలితే అది ఇంకా జోరుగా తిరుగుతుంది.”

“అయితే మీరే వచ్చి ఆపండి.”

“ఈ దారి నీది. నడిచేది నువ్వు, నడిపించేది పవిత్రాత్మ. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. దారిలో నీ మనసులో ఏం కదిలినా నాకు వచ్చి చెప్పు. మంచిదైనా, చెడ్డదైనా.”

ఆగ్నేసమ్మకు నిరాశ కలిగింది. కత్తి ఇస్తారనుకుంది, కనీసం ఒక మంత్రమైనా చెబుతారనుకుంది. సరేనని తల ఊపి అడవిలోకి పరుగు తీసింది.

కాస్త దూరం పోయాక ఒక పసిడిపిట్ట ఆమె భుజం మీద వాలింది. దాని గొంతు తేనెలా ఉంది. “భక్తురాలా, దేవుడు నిన్నే ఎన్నుకున్నాడు. తమ్ముడు అలమటిస్తుంటే నీకు తిండెందుకు? నిద్రెందుకు? పద, ఇంకా వేగంగా పద! నేను కనిపించానని మాత్రం ఎవరికీ చెప్పకు. ఆ ముసలి స్వామికి ఇవన్నీ అర్థం కావు.”

మాటలు పవిత్రంగానే ఉన్నాయి. ఆగ్నేసమ్మ అమ్మమ్మ కట్టిన సద్ది పొదల్లోకి విసిరేసింది. జపమాల చేతపట్టుకుని రాత్రంతా జపిస్తూనే పరుగెత్తింది. ఒక జపం పూర్తికాకముందే ఇంకోటి మొదలుపెట్టేది. ఎంత ప్రార్థించినా చాలలేదనిపించేది. గుండెలో ఏదో దడ, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు.

అడవి మధ్యలో ఒక నది అడ్డొచ్చింది. ఒడ్డున బండంత తాబేలు ఉంది. “నా వీపు మీద కదలకుండా కూర్చుంటే దాటిస్తాను,” అంది. ఆగ్నేసమ్మ ఎక్కింది. తాబేలు మెల్లగా ఈదుతుంటే పిట్ట చెవిలో పోరు పెట్టింది. “ఇలా పోతే ఎప్పటికి చేరతావు? దూకు!” ఆమె దూకింది. సుడిలో మునిగి, నీళ్లు మింగి, చావు తప్పి అవతలి గట్టున పడింది.

తడిబట్టలతోనే గుహలోకి చొరబడింది. లోపల మనిషెత్తు కంచు బొంగరం రొదపెడుతూ తిరుగుతోంది. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకోబోయింది. బొంగరం ఆమెను గిరగిరా తిప్పి, గుహ బయట ముళ్లపొదల్లోకి విసిరేసింది.

పిట్ట వచ్చి కొమ్మ మీద వాలింది. ఈసారి గొంతులో తేనె లేదు. “చూశావా, నువ్వెంత పాపివో! దేవుడు నిన్ను వదిలేశాడు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోతావు? ఇక్కడే పడి ఉండు.”

ఆగ్నేసమ్మ ఆ మాటా నమ్మింది. చాలాసేపు లేవలేదు. అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది. నిన్న నన్ను ఆకాశానికెత్తిన గొంతే కదా, ఈరోజు మట్టిలో తొక్కుతోంది? రెండుసార్లూ నాకు శాంతి లేకపోయిందేం? ఆమె లేచి, తాబేలును బతిమాలి నది దాటి, కుంటుకుంటూ వెనక్కి నడిచింది.

“ఆయనకు చెబితే నిన్ను అసహ్యించుకుంటాడు!” అని పిట్ట దారి పొడుగునా అరుస్తూనే ఉంది.

స్వామి ఆమె గాయాలకు పసరు రాశారు. గంజి పోశారు. ఆగ్నేసమ్మ నోరు విప్పడానికి సిగ్గుపడింది. ఆయన తొందరపెట్టలేదు. చివరికి ఆమె ఏడుస్తూ అంతా చెప్పేసింది. పిట్ట సంగతి, పారేసిన సద్ది, నేనే గొప్పదాన్నన్న గర్వం, దేవుడు వదిలేశాడన్న భయం, ఏదీ దాచలేదు. ఒక్కొక్క మాటకు గుడిసె చూరు మీది పిట్ట ఈకలు రాలిపోసాగాయి. కడపటి మాటకు అది నల్లటి గబ్బిలమై కీచుమంటూ ఎగిరిపోయింది.

“చంచలుడు!” అంది ఆగ్నేసమ్మ అదిరిపడి.

“వాడే. ఇద్దరు వింటే వాడి మాట చెల్లదు. అందుకే ఎవరికీ చెప్పొద్దన్నాడు,” అన్నారు స్వామి. “నేనూ వాడి చేతిలో మోసపోయినవాణ్ణే. అందుకే ఆదివారం ఆదివారం గుట్ట మీది మఠంలో ఉండే పెద్ద మదర్‌గారికి నా మనసు విప్పి చెప్పుకుంటాను.”

“ఇప్పుడు నేనేం చెయ్యాలి స్వామీ?”

“నువ్వే చెప్పు. గంజి తాగి, అంతా చెప్పుకున్నాక నీ మనసు ఏమంటోంది?”

ఆగ్నేసమ్మ కళ్లు మూసుకుంది. తమ్ముడి మీద బెంగ అలాగే ఉంది. తరుముడు మాత్రం లేదు. “వెళ్లమంటోంది. కానీ పడుకుని లేచి వెళ్లమంటోంది,” అంది. స్వామి నవ్వి చాప పరిచారు.

తెల్లారాక ఆమె నడిచే వెళ్లింది. తాబేలు వీపు మీద బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చుంది. గుహ చేరేసరికి చంచలుడు కొండంత ఆకారంతో అడ్డం నిలిచాడు. “నీ తమ్ముడు చచ్చిపోయాడు!” అని గర్జించాడు. ఆమెకు పరుగెత్తాలనిపించింది. ఆ తరుముడు ఎవరిదో ఇప్పుడామెకు తెలుసు. “నీ గొంతు నేనెరుగుదును,” అంది. సిలువ గుర్తు వేసుకుని, నిద్రపోయే బిడ్డ మీద చెయ్యి వేసినంత నెమ్మదిగా బొంగరం మీద అరచెయ్యి ఆనించింది.

రొద తగ్గింది. బొంగరం ఊగి, ఒరిగి, నేల మీద పడింది. చంచలుడు పొగై రాతి పగుళ్లలోకి ఇంకిపోయాడు.

రాజ్యమంతా ఒక్కసారిగా కుదుటపడింది. బాలశౌరి తిరిగొచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు. లూర్దమ్మ ఏడుస్తూ కొండ దాటి పరుగెత్తి, కొడుకును గుండెకు హత్తుకుంది. వాడు నీరసంగానైనా నవ్వాడు. మహారాజు ఆగ్నేసమ్మను సభకు పిలిపించి, “తల్లీ, నా తరవాత ఈ సింహాసనం నీది,” అన్నాడు. మంత్రులు అప్పుడే పూలమాలలు తెప్పించారు.

“నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి మహారాజా,” అంది ఆగ్నేసమ్మ.

ఆమె మళ్లీ స్వామి గుడిసెకు వెళ్లింది. “ఒప్పుకోమంటారా, వద్దంటారా?”

“రెండూ అనను. కిరీటం పెట్టుకున్నట్టు తలుచుకో. నీకు ఏం కనిపిస్తోంది?”

ఆమె బచ్చలి పాదు పక్కన కూర్చుని తలుచుకుంది. “మొదట జనం జేజేలు కొడుతున్నట్టు కనిపించింది. అది నచ్చింది గానీ లోపల గుల్లగా ఉంది. తరవాత, తీర్పు కోసం వాకిట్లో నిలబడ్డ ఒక ముసలామె కనిపించింది. నేను దిగివెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అక్కడ మాత్రం మనసుకు హాయిగా ఉంది స్వామీ.”

“మరి ఏం చేస్తావు?”

“ఒప్పుకుంటాను. వెళ్లి ఆమె పక్కన కూర్చుంటాను,” అంది ఆగ్నేసమ్మ. లేచి, ఆయన దీవెన తీసుకుని, రాజధాని దారి పట్టింది.