యత్నలోపం

సువార్త మూడు లీటర్ల సిరంజిని ఊదుగొట్టానికి బిగించి, పిడిని చివరిదాకా తోసింది. తెర మీద గీత నిటారుగా లేచి, వాలి, అడుగును తాకింది. నలభై కేంద్రాల్లోనూ పొద్దున్నే కొలత సరిచూడ్డానికి ఇదే సిరంజి, ఇదే తోపు. బాపట్లలో లీటరంటే గౌహతిలోనూ లీటరే కావాలని ఈ కేంద్రాలను నడిపే నిశ్వాస మండలి పట్టుదల. గీత సరిపోయిందని ఆమె తెర మీద వేలితో నొక్కింది. గాజుగది తలుపు తెరుచుకుంది.

బయట ఉప్పుపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ముద్దు పెట్టుకుంటే పెదాలకు ఉప్పగా తగులుతారని జనం పెట్టిన పేరు అది. జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోతుంది. కొత్త మందు ప్రయోగంలో చోటు దొరకాలంటే పిల్ల గాజుగదిలో ఒంటరిగా నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గొట్టంలోకి ఊదాలి. ఎనిమిది అవకాశాలిస్తారు. ఊదించేది మనిషి కాదు, ప్రేరకస్వరం. గట్టిగా పీల్చు, ఊదు, ఊదుతూనే ఉండు అని అన్నిచోట్లా ఒకే స్థాయిలో, ఒకే వేగంతో చెబుతుంది. గీత తెగితే పిల్ల పేరు పక్కన 'యత్నలోపం' అని పడుతుంది. అంటే ప్రయత్నం చాలలేదని. ఇక ఇంటికే.

పూర్వం టెక్నీషియన్లే దగ్గర నిలబడి ఊదించేవాళ్ళు. ఒకడు కబడ్డీ పందెంలోలా కేకలేసేవాడు, ఇంకొకావిడ బుజ్జగించేది, మరొకడు ఆవులిస్తూ ఊదమనేవాడు. కేకలేసినవాడి దగ్గర అదే పిల్ల ఎక్కువ ఊదేది. మనం కొలిచేది ఊపిరితిత్తులనా, కేకలనా అని మండలిలోని డాక్టర్ పరాంకుశరావు నిలదీశాడు. గాజుగదిలో మనిషి గొంతు వినపడకూడదని నియమం రాశాడు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. సువార్తకు అదే ఎక్కువ మంట.

ఆయనే సమరీతి కూడా రాశాడు. ఒక కేంద్రం ఒప్పుకున్న పద్ధతిని ఆ క్షణమే మిగతా కేంద్రాలన్నీ ఒప్పుకోవాలి. అందుకోసం కేంద్రాలన్నిటినీ ఒక తీగతో కలిపారు. ఎక్కడో ఒకావిడ జాలిపడి ఒక పిల్లాణ్ణి నిలబడి ఊదనిచ్చి ఆమోదం నొక్కితే, నలభై చోట్లా కుర్చీలు గోడల్లోకి వెళ్ళిపోయాయి. ఆ తరవాత జాలిపడే సాహసం ఎవరూ చేయలేదు.

సువార్త తమ్ముడు ఏలియా ఈ గదిలోనే ఊదాడు. మనిషి లేని గొంతంటే వాడికి హడలు. గొట్టం నోట్లో పెట్టుకుని అద్దంలోంచి అక్కకేసి చూశాడు. ఊదరా నాన్నా అని ఒక్క కేక వేయనిస్తే ఊదేవాడే. ఆమె అద్దం మీద చేత్తో కొడితే కాపలావాళ్ళు రెక్క పట్టుకుని అవతలికి లాక్కుపోయారు. ఆ వానాకాలం దాటలేదు వాడు. గాలి కోసం మంచంకోడు పట్టుకుని పెనుగులాడిన పిల్లాడికి ప్రయత్నం చాలలేదని రాశారు. ఆమె ఇక్కడ ఉద్యోగంలో చేరింది సేవ చేద్దామని కాదు. ఆ మాట రాయించినవాడు ఏదో ఒకనాటికి ఈ అద్దం ముందు నిలబడాలి, తాను చూడాలి. అంతే ఆమె కోరిక.

ఈరోజు నిలబడ్డాడు. తన దాకా వస్తేగానీ తెలియదంటారు. పరాంకుశరావు మనవరాలు మైత్రేయికి ఆరేళ్ళు. ఏడుసార్లు ఊదింది. ఏడుసార్లూ స్వరం మొదలవగానే బిక్కచచ్చి గొట్టం వదిలేసింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. సువార్త ఏడు గీతల్నీ తాపీగా చూసింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఎనిమిదోది కూడా తెగితే ముద్ర తన చేత్తోనే వేయాలని మనసు ఉవ్విళ్ళూరింది.

ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పిల్లలు నీ మాట బాగా వింటారట కదమ్మా. స్వరం ఆపేసి నువ్వు లోపలికెళ్ళు. ఈ ఒక్కదానికీ సమరీతి తీగ తీసెయ్. ఎవరికీ తెలీదు."

అద్దం అవతల పిల్ల చేతివెనకతో ముక్కు తుడుచుకుంటోంది. సువార్తకు ముద్ర మీది ఆశ చప్పబడింది. చచ్చిపోయేది ఆ పిల్ల, ఈయన కాదు. ఈయనకు తగలాల్సింది ఇంకోచోట ఉంది.

"తీగ తీయనండీ" అంది. "స్వరం ఆపుతాను. ఊదించేది మాత్రం మీరే. పాప మీ గొంతెరుగును, నా గొంతెరగదు. సరిగ్గా ఊదితే ఆమోదం నొక్కుతాను."

ఆయన అడ్డంగా తల ఊపాడు. తీగ ఉండగా నొక్కితే ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పాలా? అన్నిచోట్లా స్వరం ఆగిపోతుంది, లెక్కలు కలగాపులగమవుతాయి, మూడేళ్ళ ప్రయోగం మళ్ళీ మొదటికొస్తుందని చెప్పుకొచ్చాడు. మందు కోసం చూస్తున్న పిల్లల్ని తలుచుకోమన్నాడు. ఆ మాటకు సువార్త నిజంగానే తడబడింది. వాళ్ళ తల్లుల మొహాలు ఆమె రోజూ చూసేవే.

"వాళ్ళు మళ్ళీ ఊదుతారండీ" అంది చివరికి. "మీరు తోసేసినవాళ్ళతో కలిసి ఊదుతారు."

పరాంకుశరావు అద్దం అవతలి పిల్లకేసి చూశాడు. తరవాత చెప్పులు విడిచి గాజుగదిలోకి వెళ్ళాడు. మొదట పాఠం చెబుతున్నట్టు మెల్లగా మొదలుపెట్టాడు. పిల్ల గొట్టం అందుకుంది. గీత లేచి ఊగిసలాడేసరికి ఆయన మోకాళ్ళ మీద కూలబడి అరిచాడు. "ఊదు తల్లీ, ఊదూ, ఆపకు, ఇంకా, ఇంకా ఉంది, ఊదు." గొంతు జీరపోయినా అరుస్తూనే ఉన్నాడు. గీత వాలి, అడుగును తాకి, అక్కడే నిలిచింది.

సువార్త ఆమోదం నొక్కింది.

నలభై కేంద్రాల్లో ప్రేరకస్వరం ఆగిపోయింది. మిగతా కేంద్రాలను చూపే తెరల మీద టెక్నీషియన్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గాజు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎక్కడో ఒకామె భయంభయంగా నోరు తెరిచి ఏదో అంది. పక్క కేంద్రంలో ఒకాయన చేతులు చరిచాడు. కాసేపటికి అస్సామీలో, ఒడియాలో, తమిళంలో ఒకటే గోల.

పరాంకుశరావు మనవరాలిని ఎత్తుకుని బయటికొచ్చాడు. ఆయన జీవితమంతా పెట్టి కట్టిన నియమం ఆయన గొంతుతోనే కూలింది. ఆ తెరలకేసి చూడలేక సువార్తకేసి చూశాడు.

"కావాలనే చేశావు."

"అవునండీ. మా తమ్ముడి కోసం. జాలిపడి కాదు."

ఆయన పిల్ల వీపు నిమిరాడు. తమ్ముడి పేరేమిటని అడిగాడు.

"నేను చెప్పనండీ" అంది సువార్త. "యత్నలోపం కింద మీరు తోసేసిన పిల్లలందరి పేర్లూ కూర్చుని చదవండి. వాళ్ళలో ఉంటాడు."